చాడీల బనీను

అసిరితల్లి నోటి నుంచి వచ్చిన ఒక్క మాటకు ఒక మనిషి ప్రాణం పోయింది. ఆమె అబద్ధమాడి ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. కానీ ఆమె అబద్ధమాడలేదు. యంత్రం చూపించింది చూపించినట్టు, దశాంశాలతో సహా చెప్పింది. చదువుకున్నవాళ్ల తప్పులు ఇలాగే ఉంటాయి, పైకి చూస్తే ఒప్పుల్లాగే కనిపిస్తాయి.

ఇనపకొండలో ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానా ఉంది. అసిరి తండ్రి ఎర్నాయుడు అందులో ముప్పై ఒక్కేళ్లు కొలిమి దగ్గర పనిచేసి, చూపు మందగించాక మానేశాడు. తమ్ముడు జగ్గారావు ఆ కొలిమి దగ్గరే చేరాడు. అప్ప అని పిలిచే పెద్దక్క నీలవేణి మొగుడు దేముడు అక్కడే పోత మేస్త్రీ. ఇంటిల్లిపాదిలో ఇనుము వాసన కొట్టని బట్టలు అసిరి ఒక్కదానివే. ఆమె చదువుకుని, కార్ఖానా గోడ పక్కనున్న పరిశోధనశాలలో చేరి, మళ్లీ ఆ కొలిమి మనుషుల కోసమే ఆరేళ్లు కూర్చుని ఒక బనీను తయారుచేసింది.

కాగితాల్లో దానికి నోరు తిరగని పేరొకటి ఉంది. కార్మికులు మాత్రం చాడీల బనీను అన్నారు. ఒంటికి ఏది ఎక్కడ తగిలినా, ఎంత గట్టిగా తగిలినా, ఎంత వేడిగా తగిలినా రాసుకుని సాయంత్రానికి పరిశోధనశాలకు చెప్పేస్తుంది మరి. ఎవడు గోడకు ఆనుకుని ఎంతసేపు కునుకు తీశాడో కూడా చెప్పేసేది. దాంతో మొదటి నెల అంతా దానికి శాపనార్థాలే.

మొదటి బనీను ఆమె తండ్రికే తొడిగింది. బల్ల మీద కూర్చోబెట్టి, వేలి కణుపుతో గుండె మీద ఒకసారి కొట్టి, వెంటనే అక్కడే పొగలు కక్కే టీ గ్లాసు ఆనించింది. తెరమీద ఎర్ర గీత కొట్టగానే ఎగిరింది. నీలం గీత కాసేపు ఏమీ పట్టనట్టు ఉండి, తర్వాత మెల్లగా పైకి లేచింది.

“ఇదేటే, ఈ నీలంది ఇంత బద్దకంగా నడుస్తాది?” అన్నాడు ఎర్నాయుడు.

బద్ధకం కాదని ఆమె చెప్పింది. ఎర్ర గీత బలానిది. బనీను పొరలో వెంట్రుక కన్నా సన్నటి తీగ మెలికలు తిరిగి ఉంటుంది. ఒంటికి ఏదైనా తగిలితే ఆ తీగ సాగుతుంది, సాగితే సన్నబడుతుంది, సన్నబడితే కరెంటుకు దారి ఇరుకవుతుంది. అంతా అక్కడికక్కడే జరిగిపోతుంది. నీలం గీత వేడిది. దానికి ఆవగింజంత పూసలుంటాయి. పూస ముందు తాను వేడెక్కాలి, ఎక్కితేగాని వేడి తగిలిందని చెప్పలేదు. చంకలో పెట్టిన థర్మామీటరు కూత పెట్టేదాకా ఆగినట్టే. బలం కబురు ఎగిరొస్తుంది, వేడి కబురు నడిచొస్తుంది అని ఆమె అంటే తండ్రికి అది బాగా నచ్చింది. వారం రోజులు వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

వేడి కబురు ఎంత ఆలస్యంగా వస్తుందో ఆమె వందసార్లు కొలిచింది. సెకనులో పదోవంతులు నాలుగు. ఆ అంకెను లెక్కల్లో ఎక్కించి, ఎప్పుడు చూసినా అంత వెనక్కి జరిపి చూసేది. బట్ట రాపిడికే ఎర్ర గీత ఊరికే ఉలిక్కిపడుతుంటే, మరీ చిన్న తాకిళ్లను చెత్తగా లెక్కగట్టి చెరిపేసేలా ఇంకో అంకె పెట్టింది. ఇక రెండో బనీను ఒకటుంది. మొదటిది రాసుకున్నదంతా అది తొడుక్కున్నవాళ్ల ఒంటి మీద మళ్లీ ఆడించి చూపిస్తుంది, దెబ్బకు దెబ్బ, సెగకు సెగ. దాన్ని పరిశోధనశాలలో తాళం వేసి ఉంచేవారు.

దేముడి సంగతి చెప్పాలి. మనిషి మంచివాడే గాని చెయ్యి దురుసు. పోత దగ్గర ఎవరైనా తప్పటడుగు వేస్తే నోటితో చెప్పే ఓపిక ఉండేది కాదు, ముందు చెంప పగిలేది. నీలవేణి మీద ఏనాడూ చెయ్యి ఎత్తలేదు, ఆ చేతి దురుసు అంతా కార్ఖానా గేటు లోపలే. ఏప్రిల్ చివర్లో ఒకరోజు అందరి ముందూ బావమరిది జగ్గారావును కొట్టాడు. జగ్గారావు చెంప వాచి ఇంటికొచ్చాడు, ఎందుకని అసిరి అడిగితే చెప్పలేదు. ఆ మర్నాడు కల్లు దుకాణం దగ్గర మాత్రం ఈ చెంపదెబ్బకు బదులు తీర్చుకోకపోతే తాను ఎర్నాయుడి కొడుకే కాదన్నాడట. అది పదిమందీ విన్నారు.

వారం తిరక్కుండా మే నెల మొదటి మంగళవారం పొద్దున పోత జరుగుతోంది. నిలువెత్తు అరుగు మీద దేముడూ జగ్గారావూ, వాళ్ల ముందు క్రేనుకు వేలాడుతూ కరిగిన ఇనుముతో నిండిన లేడిల్ అనే పెద్ద బాన, దాన్ని వంచే చక్రం, కింద ఇసకలో అచ్చుల దగ్గర ఆరుగురు. ఏదో అచ్చులో తడి మిగిలిపోయింది. తడి మీద కరిగిన ఇనుము పడితే ఊరుకోదు, పేలుతుంది. పేలింది. అరుగంతా ఆవిరి కమ్మేసింది. కిందివాళ్లకు ఆ ఆవిరిలో కనిపించింది ఒక్కటే. దేముడు ఇనప గడ ఎత్తి జగ్గారావును బాదుతున్నాడు. తర్వాత అతన్ని అరుగు మీద నుంచి కిందికి తోసి, తానూ మీద దూకాడు. వాళ్లు పరుగెత్తి వచ్చేసరికి జగ్గారావు గుండె మీద బట్ట మండుతోంది, దేముడి రెండు చేతులూ ఆ మంటలో ఉన్నాయి. మాంసం కాలుతున్న వాసనకు ఒకడు అక్కడే కక్కుకున్నాడు.

మధ్యాహ్నానికి జగ్గారావు చచ్చిపోయాడు. దేముడి అరచేతులు ఎముక కనిపించేదాకా కాలాయి, గుండె మీద కూడా కాలింది. వేడి గాలి మింగడంతో గొంతు లోపల కమిలిపోయి, నెల దాకా మాట రాదన్నారు డాక్టర్లు. మాట లేదు, రాసి చూపడానికి చేతుల్లేవు. ఆవిరిలో ఏం జరిగిందో తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు, వాడూ చెప్పలేని స్థితిలో మిగిలాడు.

నాలుగో రోజున అతన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించేశారు. కాలిన గుండె మీద అసిరి తన బనీను పొరనే ఒక చీలికగా కోసి కట్టు కింద అంటించింది, గాయం ఎలా మానుతోందో తెలుస్తుందని. అప్పుడు దేముడు ఆమె కళ్లలోకి చూసి, కట్టు కట్టిన చేతిని తన గుండె చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. కట్టు బిగుసుకుందేమో అనుకుని ఆమె వదులు చేసింది. అతను తల అడ్డంగా ఊపి ఇంకోసారి తిప్పాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. మందు వేళయిందని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

ఊళ్లో మాట పుట్టింది. మేస్త్రీయే చంపాడని ఆరుగురూ అన్నారు. కాదు, మంటలు ఆర్పబోయాడని కొందరన్నారు. ఆర్పేవాడు ఇనప గడతో ఆర్పుతాడా అని ఎర్నాయుడు అడిగాడు. కొడుకు చితికి నిప్పు పెట్టి వచ్చిన మనిషికి నిద్ర లేదు, తిండి లేదు, ఒకటే ప్రశ్న. ముందు అల్లుడు కొట్టాడా, ముందు కొడుకు కాలాడా? కాలాక కొట్టి ఉంటే అందులో ఏదో కారణం ఉండొచ్చు. కాలకముందే కొట్టి ఉంటే అది హత్యే. బనీనుకు అన్నీ తెలుసు కదా అన్నాడు. ఆరో రోజు మిట్టమధ్యాహ్నం ఆ ఆరుగురినీ వెంటబెట్టుకుని పరిశోధనశాల అరుగు మీద వచ్చి కూర్చున్నాడు.

లోపల అసిరి ఒక్కతే తమ్ముడి బనీను రాసుకున్నదాన్ని రెండో బనీనులోకి ఎక్కించి తొడుక్కుంది. వేడిని తగ్గించి పెట్టింది, బలాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచింది. తమ్ముడు పడిన బాధ తానూ పడితేనే తెలుస్తుందనుకుంది, అందులో కొంత పొగరు కూడా ఉంది. మొదట గుండెకు అడ్డంగా ఏదో గుండ్రటి అంచు నొక్కింది, అతన్ని దేనికో అదిమిపెట్టినట్టు. ఆ వెంటనే వీపు మీద పడింది మొదటి దెబ్బ. ఊపిరి ఆగి మోకాళ్ల మీద కూలింది. రెండోది పక్కటెముకల మీద, మూడోది అక్కడే, నాలుగోది భుజం కింద. నోట్లో ఉప్పగా రక్తం తగిలింది, నాలుక కరుచుకుంది. తర్వాత పడిపోయినట్టు ఒళ్లంతా ఒకేసారి అదురు. ఆ తర్వాతగాని గుండె మీద సెగ పుట్టలేదు. తగ్గించి పెట్టినా ఆ సెగకు ఆమె బల్ల కాలు పట్టుకుని అరిచింది. అరుపు బయటికి వినిపించింది.

అంకెలు చూసుకుంది. మొదటి దెబ్బ పది గంటల పదిహేడు నిమిషాల ఇరవై రెండో సెకను. సెగ ముప్పై ఒకటో సెకను. పూసల ఆలస్యం పదోవంతులు నాలుగు తీసేసింది. కన్నీళ్లు తుడుచుకుని, పక్కటెముకలు పట్టుకుని బయటికొచ్చింది.

“ముందేటి తగిలింది?” అన్నాడు ఎర్నాయుడు.

“ముందు దెబ్బ తగిలింది నాన్నా. సెగ తగిలింది ఎనిమిది పాయింటు ఆరు సెకన్ల తర్వాత.”

అరుగు చివర కుళాయి ఉంది. ఎర్నాయుడు లేచి భుజం మీది తువ్వాలు తీసి, కుళాయి కింద తడిపి, నాలుగు మడతలు వేసి, గుండె చుట్టూ తిప్పి పక్కన ముడివేశాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మిగతా ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు అలాగే తడిపి చుట్టుకున్నారు. ఒకడి మోటారుసైకిలుకు అచ్చుల్లో ఇసక కుదించే దిమ్మిస కట్టి ఉంది. వాళ్లు వెళ్లిపోయారు. ఎక్కడికని ఆమె అడగలేదు. అడగాల్సింది. కానీ అప్పుడు ఆమెకూ బావ మీద కడుపు మండిపోతోంది, ఆ నిజం ఆమె తర్వాత ఎక్కడా దాచలేదు.

ముఖం కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లింది. అరుగు మీద వాళ్ల తువ్వాళ్ల నుంచి కారిన నీళ్లు ఇంకా ఆరలేదు. తండ్రి ఆ తువ్వాలు చుట్టుకున్న తీరు, చెయ్యి అలా గుండె చుట్టూ తిప్పడం, ఇంతకుముందు ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఎక్కడో కాదు. రెండు రోజుల క్రితం, బావ మంచం దగ్గర, మూడుసార్లు.

అసిరి కొలిమివాడి కూతురు. పోతకు వెళ్లే ప్రతివాడూ బనీను మీద తడి తువ్వాలు నాలుగు మడతలు చుట్టుకుంటాడని ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. వాటిని ఉతికింది, ఆరేసింది. మరీ ఎరిగిన వస్తువు కావడంతో లెక్కలోకి తీసుకోలేదు. వందసార్లు కొలిచినప్పుడు వందసార్లూ ఉత్త బనీను మీదే కొలిచింది.

లోపలికి పరుగెత్తింది. పొర ముక్క ఒకటి తీసి, తన చున్నీ తడిపి నాలుగు మడతలు వేసి కప్పి, చిన్న కొలిమిలో ఎర్రగా కాలుతున్న ఇనుప బిళ్లను పటకారుతో తెచ్చి దాని మీద వదిలింది. ఎర్ర గీత అప్పటికప్పుడే చిన్నగా ఉలిక్కిపడింది. నీలం గీత కదల్లేదు. చున్నీ చుయ్యిమని పొగలు కక్కుతోంది. నాలుగు సెకన్లు, అయిదు, ఆరు. తడి గుడ్డలో నీళ్లు మరిగిపోయేదాకా వేడి లోపలికి దారి దొరకదు. బలానికి ఆ అడ్డే లేదు. ఎనిమిది, తొమ్మిది, పది. పదిన్నర సెకన్లకు నీలం గీత లేచింది.

తమ్ముడి లెక్కలో చెరిపేసిన చిన్న తాకిళ్లను మళ్లీ పైకి తీసింది. మొదటి దెబ్బకు రెండు సెకన్ల ముందు, గుండె మీద, అరచేత్తో మెల్లగా తట్టినంత తాకిడి ఒకటుంది. చెత్త అని ఆమె యంత్రమే దాన్ని తీసేసింది. తమ్ముణ్ని చంపింది అదే. ఎగిరిపడిన గుప్పెడు ఇనుము అంత మెత్తగా తగిలింది.

అప్ప ఇల్లు ఆరు కిలోమీటర్లు. వాళ్లు వెళ్లి పది నిమిషాలయింది. తండ్రికి ఫోను చేస్తే ఎత్తలేదు. అప్పకు చేసింది. మోగి మోగి ఆగిపోయే ముందు ఎవరో ఎత్తారు. మాట లేదు. గొంతులో గరగరమంటూ ఊపిరి వినిపించింది.

“బావా, నేను, అసిరిని. తలుపు గడియ పెట్టుకో. నాన్నా వాళ్లూ వస్తన్నారు. తప్పు నాది బావా, లెక్క నేనే తప్పినాను. నువ్వు ఆణ్ని బతికించబోయినావు. నాకు తెలిసిపోయింది.”

ఊపిరి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అడుగుల చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత గడియ మీద ఏదో మెత్తగా రాసుకుంటున్న చప్పుడు, మళ్లీ మళ్లీ. ఆమెకు అర్థమైంది. గుడ్డలు చుట్టిన చేతులతో గడియ పైకి లేవడం లేదు. స్కూటరు తీసి, ఫోను చెవికి భుజంతో నొక్కిపెట్టి బయల్దేరింది. దారంతా ఆ చప్పుడే వింది. తర్వాత తలుపు భళ్లున గోడకు కొట్టుకున్న చప్పుడు వింది.

ఎర్నాయుడే మొదట కొట్టాడు. చూపు ఆనని మనిషి, అల్లుడి తల అనుకున్నది భుజం అయింది. దిమ్మిస కింద మెడ పక్క ఎముక విరిగింది. దేముడు కట్లు కట్టిన చేతులు అడ్డం పెట్టాడు, రెండో దెబ్బకు అవి తెగి నేల మీద చీము, నెత్తురు చిమ్మాయి. తర్వాత ఆరుగురూ మీద పడ్డారు. ఒకడు రోకలి తీసుకున్నాడు, ఒకడు కుర్చీ. అతని నోటి నుంచి కేక రాలేదు, రాదు. కేక లేకపోవడంతో వాళ్లకు ఎక్కడ ఆపాలో తెలియలేదు. కొడుతూ కొడుతూ నేరం ఒప్పుకోమన్నాడు ఒకడు, మాట రాని మనిషిని. కుళాయి దగ్గర నుంచి నీలవేణి బిందె పారేసి వచ్చి తండ్రి కాళ్లు పట్టుకుంది. ఆయన ఆమెను కాలితోనే పక్కకు నెట్టి ఇంకో దెబ్బ వేశాడు. ఫోను ఎవరి కాలి కిందో పడి పగిలే దాకా అసిరి ఇదంతా వింది.

ఆమె వెళ్లేసరికి వాకిట్లో ఆరుగురూ నిలబడి రొప్పుతున్నారు. వాళ్ల తువ్వాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి. లోపల నీలవేణి మొగుడి పక్కన కూర్చుని, అతని గుండె మీద చెయ్యి వేసి ఉంది. ఎర్నాయుడు గోడకు చేరగిలబడి ఆయాసపడుతున్నాడు.

“తీరిపోనాది,” అన్నాడు కూతురితో.

తప్పు లెక్క సంగతి ఆమె అక్కడే చెప్పింది. అయినా ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు.

పన్నెండు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ ఎర్నాయుణ్ని పరిశోధనశాలకు తీసుకొచ్చాడు, సాక్ష్యం ఆ యంత్రంలో ఉంది కాబట్టి. చేతికి బేడీలున్నాయి. నీలవేణి కూడా వచ్చింది. ఇన్నాళ్లూ ఆమె చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు, ముఖం చూడలేదు.

అసిరి తన తప్పుతోనే మొదలుపెట్టింది. పొర ముక్క, తడి తువ్వాలు, ఎర్రటి ఇనుప బిళ్ల మళ్లీ తెచ్చి, పదిన్నర సెకన్లూ అందరినీ లెక్కపెట్టమంది. తర్వాత తమ్ముడి గీతలు చూపించింది. ముందు తగిలింది ఇనుము. ఆవిరి ముఖాన కొట్టి కళ్లు కనిపించక జగ్గారావు ఎదురుగా ఉన్నదాన్ని వాటేసుకున్నాడు. అది లేడిల్‌ను వంచే చక్రం. గుండెకు అడ్డంగా నొక్కుకున్న గుండ్రటి అంచు దానిదే. ఎవరూ అదిమిపెట్టలేదు, వాడే వేలాడాడు. వాడి బరువుకు చక్రం తిరుగుతోంది. ఇంకో పావు తిరిగితే నాలుగు టన్నుల ఇనుము కింద ఉన్న ఆరుగురి మీద ఒలికేది. ఆ పట్టు విడిపించడానికే దేముడు నాలుగు దెబ్బలు కొట్టాడు. పట్టు విడవగానే ఇసకలోకి తోసి, తువ్వాలు కింద అంటుకున్న మంటను ఉత్తచేతులతో ఆర్పాడు. దేముడు ఎవరిని బతికించాడో ఆ ఆరుగురే అతన్ని చంపారు.

ఎర్నాయుడు బల్ల మీది మాడిన తువ్వాలు కొస పట్టుకున్నాడు.

“ఆ రోజు దేముడు సెంప మీద కొట్టినాడే, ఎందుకో తెల్సా?” అన్నాడు. “తువ్వాలు లేకుండా పోతకాడికొచ్చినాడని. జగ్గూయే సెప్పినాడు నాకు. ఆ తర్వాత నుంచి బావే తడిపి కట్టేవోడంట, రోజూ. నాకు తెలుసే అమ్మా. తెలిసీ ఎల్లినాను.”

బేడీల చేతులు బల్ల మీద పెట్టి, తల దానికేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. మూడు దెబ్బలకు నుదురు చిట్లి బల్ల మీద రక్తం పడింది. కానిస్టేబుళ్లు పట్టుకుని వెనక్కి లాగారు. అసిరికి జాలి కలిగింది, అసహ్యం కూడా కలిగింది, రెండూ తన మీద కూడా కలిగాయి.

ఇన్‌స్పెక్టర్ రెండో లెక్క అడిగాడు. దేముడి కట్టు కింద అంటించిన చీలిక రాసుకున్నది. అసిరి తెర మీద పెట్టింది. చీలిక మేరకు పడిన దెబ్బలు పద్నాలుగు. పన్నెండు గంటల నలభై ఒక్క నిమిషాల తొమ్మిదో సెకనుకు ఆఖరిది. అక్కడి నుంచి ఎర్ర గీత నేలకు అంటుకుపోయింది. ఇంకేమీ లేదు కదా, కాగితం మీద అచ్చు తీసి ఇవ్వమన్నాడు ఇన్‌స్పెక్టర్.

నీలవేణి అప్పుడు చెల్లెలి ముఖంలోకి చూసింది.

“నాను చెయ్యేసీసరికి ఉన్నాడేటే?”

ఇన్నాళ్లుగా ఆమె మోస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే. శవం మీద చెయ్యి వేసిందా, మొగుడి మీద వేసిందా. అసిరి గీతను పెద్దది చేసింది. ఈసారి చిన్న తాకిళ్లు వేటినీ చెరపలేదు. చీలిక ఒంటికి అంటి ఉన్నది కాబట్టి రాపిడి చెత్త లేదు. నేలకు అంటుకుపోయిందనుకున్న గీత మీద సన్నటి ఉలికిపాట్లు కనిపించాయి, ఎడం ఎడంగా. వాటి మధ్య ఒకచోట మెత్తటి ఒత్తిడి ఒకటి వచ్చి నిలిచింది. ఇనుము తగిలినంతే ఉంది, అరచేత్తో మెల్లగా తట్టినంత. దాని వెనకే, కొంచెం ఆలస్యంగా, నీలం గీత ఒక గీటు పైకి లేచింది.

ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. తప్పు పోకూడదని మూడుసార్లు లెక్కపెట్టింది.

“ఉన్నాడు అప్పా. నీ చెయ్యి తగిలాక గుండె పందొమ్మిదిసార్లు కొట్టుకుంది.”

నీలవేణి గోడకు వేలాడుతున్న రెండో బనీను వైపు చూసి చెయ్యి చాపింది. దెబ్బలు వద్దని, ఆ తర్వాతది మాత్రం వెయ్యమని అడిగింది. అసిరి అప్పకు బనీను తొడిగి, పద్నాలుగో దెబ్బ దాటిన చోట మొదలుపెట్టింది. నీలవేణి కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి గుండె మీద ఆ చోటే ఆనుకుంది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. పందొమ్మిది దగ్గర ఆగాయి.

తెర మీద ఎర్ర గీత ఆగిపోయింది. అయిపోయిందనుకుని అసిరి బనీను విప్పబోయింది. నీలవేణి కళ్లు తెరవకుండానే చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండు. ఇంకా ఎచ్చగానే ఉంది.”